ఆ 11 సైటేషన్లనూ ఒక్కొక్కటిగా తెరిచి చదవండి

మీరు అడిగింది ఇదీ. హైదరాబాద్‌లో కణజీవశాస్త్రంలో పీహెచ్‌డీ, నాలుగో ఏడు, కణంలో చెత్తను అరిగించే సంచులైన లైసోజోమ్‌ల మీద పని. రెండేళ్ల కిందట మొదటి పేపర్ వచ్చింది, దానికి ఇప్పటికి 11 సైటేషన్లు, అంటే దాన్ని ఉటంకించిన వేరే పేపర్లు 11. హాస్టల్లో పక్క గదిలో నానో మెటీరియల్స్ చేస్తున్న స్నేహితురాలికి అప్పుడే 240. "నేను మొదట్లోనే వెనకబడిపోయానా? టాపిక్ మార్చుకోవాలా? మా గైడ్ చెప్పినట్టు రివ్యూలు రాసి సంఖ్య పెంచుకోవాలా?"

నేను ఈ ఊళ్లోనే ముప్పయ్యేళ్లకు పైగా కణాలు పెంచినదాన్ని. ఇంటర్వ్యూ బోర్డుల ముందు చెమటలు పడుతూ కూర్చున్నాను, తర్వాత అవే బోర్డుల్లో సభ్యురాలిగానూ కూర్చున్నాను. మీ బెంగ నాకు కొత్త కాదు. అందుకని సూటి జవాబు ముందే చెప్పేస్తాను. మీరు వెనకబడలేదు. ఈ కారణానికైతే టాపిక్ మార్చొద్దు. రివ్యూ, అంటే ఒక అంశం మీద వచ్చిన పేపర్లను సమీక్షించే వ్యాసం, రాయొచ్చు, కానీ సంఖ్య పెంచుకోవడానికి కాదు.

240 పక్కన 11 పెట్టి చూడటమే మొదటి పొరపాటు. పెసర చేను రెండున్నర నెలల్లో చేతికొస్తుంది. మామిడి తోట కాపుకు రావాలంటే నాలుగైదేళ్లు ఆగాలి. రెండూ పంటలే. మన పని ఎలా నడుస్తుందో మీకు తెలుసు. ఒక జన్యువును తీసేసిన సెల్ లైన్, అంటే ల్యాబ్‌లో పెంచుకుంటూ పోయే కణాల వరస, తయారు చేయాలి, ఒక్కొక్క కణం నుంచి క్లోన్లు పెంచాలి, పనికొచ్చేదాన్ని ఏరాలి, కణాల్లో చేరి పాడుచేసే మైకోప్లాస్మా బ్యాక్టీరియా లేదని నిర్ధారించుకోవాలి. అంతా అయ్యేసరికి నెలలు గడుస్తాయి. ఎన్నో వారాలు ఎదురుచూశాక వచ్చిన, ఒక ప్రోటీన్‌ను గుర్తుపట్టే యాంటీబాడీ, జెల్ మీద విడదీసిన ప్రోటీన్లను చూసే వెస్టర్న్ బ్లాట్‌లో చక్కగా పనిచేసి, కణంలోనే ప్రోటీన్‌ను మెరిపించి చూసే ఇమ్యునోఫ్లోరెసెన్స్‌లో ఏమీ చూపించదు. జులై, ఆగస్టు ముసురుల్లో ఇంక్యుబేటర్లోకి బూజు చేరిందంటే పెంచిన ఫ్లాస్కులన్నీ బ్లీచ్‌లో పోయాల్సిందే. మీ ఫలితాన్ని నమ్మి దాని మీద ప్రయోగం కట్టుకునేవాళ్లూ ఇదే చక్రంలో తిరగాలి. అంటే మీ పేపర్‌ను నిజంగా వాడుకున్నవాళ్ల పేపర్లు రావడం మూడో ఏటో నాలుగో ఏటో మొదలవుతుంది. మొదటి రెండేళ్లలో వచ్చేవి చాలావరకు, అప్పటికే రాసుకుంటున్న పేపర్లో మీ పేరు కూడా చేర్చినవాళ్లవి.

అసలు విషయం ఇక్కడే ఉంది. సైటేషన్ అంటే ఎవరో మీ గురించి ఒక వాక్యం రాశారని అర్థం. ఆ వాక్యం మీరు చదివారా? చాలామంది చదవరు. నేనూ చాలాకాలం చదవలేదు. మా ల్యాబ్ నుంచి వచ్చిన ఒక పేపర్‌కు ఏటేటా సైటేషన్లు పెరుగుతుంటే సంతోషంగా వార్షిక నివేదికలో సంఖ్య మార్చుకుంటూ పోయాను. దాదాపు పదేళ్ల తర్వాత, ఒక ప్రాజెక్టు తిరస్కరణకు గురై చేతిలో పని లేని ఒక వేసవిలో, ఆ పేపర్‌ను ఉటంకించిన వాటన్నిటినీ వరసపెట్టి తెరిచాను. ఎక్కువ భాగం పరిచయ వాక్యాలే. "ఈ ప్రోటీన్ కేంద్రక పొరలో ఉంటుందని తెలిసిందే" అని నలుగురైదుగురి పేర్ల మధ్య మా పేరు. కొందరు మా కణాలను స్థిరీకరించే పద్ధతి కోసం ఉటంకించారు, ఫలితం జోలికే పోలేదు. ఇద్దరు మేం చెప్పనిదాన్ని చెప్పినట్టు రాశారు. ఒక్కరు మాత్రం మా ప్రయోగాన్ని కండర కణాల్లో మళ్లీ చేసి, అక్కడ అది నిలబడలేదని ఒక పేరాలో చాలా మర్యాదగా రాశారు.

ఆ పేరా చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. వాళ్లు రాసింది నిజం. మేం చూసింది హేలా కణాల్లోనే, అంటే ల్యాబుల్లో ఆగకుండా విభజన చెందుతూ పెరిగే క్యాన్సర్ కణాల్లోనే. విభజన ఆపేసి, రూపం మార్చుకున్న కణంలో ఏమవుతుందో అడగలేదు. తర్వాతి ఐదేళ్ల మా పని మొత్తం ఆ పేరాలోంచి వచ్చింది. వాళ్ల పేపర్ వచ్చి, నేను చదివేనాటికి ఆరేళ్లు దాటింది. నా లెక్కలో అది కూడా ఒక సైటేషన్‌గా చేరి, వార్షిక నివేదికలో ఒక అంకె పెంచింది, అంతే. ఆరేళ్లు నా చేతికి అందేంత దూరంలో ఉన్న ప్రశ్నను నేను లెక్కపెట్టి పక్కన పెట్టాను. ఈ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే ఇంత పొడుగ్గా మీకు రాస్తున్నాను.

సంఖ్యకూ విలువకూ ఉన్న దూరం తెలియాలంటే మన తెలుగువాడి ఉదాహరణే చాలు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే పద్ధతిని ప్రచురించారు. ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కలిసి, క్షయకరణం చెంది నీలంగా మారుతుంది. ఎంత నీలమో అంత ఫాస్ఫేటు. జీవరసాయనశాస్త్రంలో అత్యధికంగా ఉటంకించిన పేపర్లలో అదొకటి. ఆ కొలత చేతిలో ఉండబట్టే వాళ్లిద్దరూ కండరంలో శక్తిని నిల్వ ఉంచే ఫాస్ఫోక్రియేటిన్‌ను పట్టుకున్నారు, 1929లో కణాలకు శక్తినిచ్చే ఏటీపీని వేరు చేశారు. కండరం శక్తి లాక్టిక్ ఆమ్లం నుంచి వస్తుందన్న సిద్ధాంతానికి 1922 నోబెల్ దన్ను ఉన్న కాలంలో, దానికి ఎదురు నిలిచిన ఫలితాలివి. సైన్సు దృష్టిలో పెద్ద మాట ఫాస్ఫోక్రియేటిన్, ఏటీపీ. సైటేషన్ల దృష్టిలో పెద్ద మాట రంగు పద్ధతి. అంత చేసినా ఆయనకు హార్వర్డ్‌లో శాశ్వత పదవి దక్కలేదు. 1940లో లెడర్లే మందుల కంపెనీకి వెళ్లిపోయారు.

ఇంకో సంగతి కూడా గమనించండి. ఇవాళ ఏటీపీ గురించి రాసేవాళ్లలో దాదాపు ఎవరూ 1929 పేపర్‌ను ఉటంకించరు. ఫాస్ఫేటును కిట్‌తో కొలిచేవాళ్లు కిట్ పేరు రాస్తారు. పని అందరిదీ అయిపోయాక పేరు రాలిపోతుంది. సైటేషన్ రాకపోవడం ఒక్కోసారి పని మరుగున పడటం వల్ల కాదు, పాఠ్యపుస్తకంలో కలిసిపోవడం వల్ల.

2014లో నేచర్ పత్రిక అత్యధికంగా ఉటంకించిన 100 పేపర్ల జాబితా వేసింది. మొదటి మూడూ మీరు వారంలో రెండుసార్లు వాడేవే: ప్రోటీన్ కొలతకు లౌరీ 1951 పేపర్, జెల్ మీద ప్రోటీన్లను విడదీసే లేమ్లీ 1970 పేపర్, మళ్లీ ప్రోటీన్ కొలతకే బ్రాడ్‌ఫోర్డ్ 1976 పేపర్. లౌరీకి అప్పటికే 3 లక్షలు దాటాయి. అది తన గొప్ప పేపర్ కాదని ఆయనే రాసుకున్నారు. 1953 నాటి డీఎన్ఏ జంట మెలిక పేపర్ ఆ 100లో లేదు.

ఇక హెచ్-ఇండెక్స్. ఒకరి పేపర్లనూ వాటి సైటేషన్లనూ ఒకే అంకెలో చెప్పే ఈ కొలతను హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త 2005లో ప్రతిపాదించారు. మీవి ఐదు పేపర్లకు తలా కనీసం ఐదు సైటేషన్లు ఉండి, ఆరింటికి తలా ఆరు లేకపోతే మీ హెచ్ ఐదు. ఒకరికి 90, 40, 12, 9, 6, 5, 3 ఉన్నాయనుకోండి, హెచ్ 5. మరొకరికి ఐదే పేపర్లు, తలా 6. ఆవిడకూ 5. మొదటి మనిషి చేసిన ఆ 90 సైటేషన్ల పని ఈ సంఖ్యలో ఎక్కడా కనబడదు. పైగా అది వయసుతో పెరుగుతుందే గానీ తగ్గదు. పీహెచ్‌డీ విద్యార్థికి హెచ్-ఇండెక్స్ అడగడం చంటిపిల్లకు పళ్లు లెక్కపెట్టడం లాంటిది. జీవశాస్త్రాల్లో ఈ సంఖ్యలు భౌతికశాస్త్రం కంటే ఎక్కువగా ఉంటాయని హిర్ష్ ఆ పేపర్లోనే రాశారు. ఆ హెచ్చరికను చదివినవాళ్లు ఎంతమందో గానీ, సంఖ్యను మాత్రం అందరూ పట్టుకున్నారు.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ మీ గురించి అసలు చెప్పదు, పత్రిక గురించి చెబుతుంది. గత రెండేళ్లలో ఒక పత్రికలో వచ్చిన పేపర్లకు ఈ ఏడు సగటున ఎన్ని సైటేషన్లు వచ్చాయన్నదే ఆ లెక్క. యూజీన్ గార్ఫీల్డ్ దాన్ని పత్రికలను ఎంచుకోవడానికి తయారు చేశారు, మనుషులను ఎంచుకోవడానికి కాదు. సగటు కూడా మోసమే, ఎందుకంటే ఏ పెద్ద పత్రికలోనైనా కొద్ది పేపర్లే మొత్తం బరువు మోస్తాయి. ఈ దుర్వినియోగం మీద మొదట గట్టిగా నిలబడింది మనవాళ్లే, అంటే కణజీవశాస్త్రవేత్తలే. 2012 డిసెంబరులో అమెరికన్ సొసైటీ ఫర్ సెల్ బయాలజీ వార్షిక సమావేశంలో సంపాదకులు, పరిశోధకులు కూర్చుని శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన రాశారు, డోరా అంటారు. నియామకాల్లో, నిధుల్లో పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను మనిషి పనికి కొలతగా వాడొద్దన్నది దాని సారం. మన హైదరాబాద్‌లోనే కార్యాలయం ఉన్న, పరిశోధనకు నిధులిచ్చే ఇండియా అలయన్స్ కూడా దానిపై సంతకం చేసింది. పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన) తర్వాత మీరు దరఖాస్తు పెట్టుకునే చోట్లలో అదొకటి.

అయితే ఆచరణ వేరని నాకు తెలుసు. ఒక సంస్థలో నా ఇంటర్వ్యూ పావుగంట సాగితే, అందులో పది నిమిషాలు పత్రికల పేర్ల మీదే నడిచింది. నా పరిశోధనలో నేను ఏ ప్రశ్నకు జవాబు వెతికానో ఒక్కరూ అడగలేదు. ఆ రోజే అనుకున్నాను, బోర్డులో కూర్చునే అవకాశం వస్తే ఇలా చేయకూడదని. తర్వాత నేను ప్రతి అభ్యర్థినీ అడిగిన ప్రశ్న ఒకటే: "మీ పేపర్‌ను ఎవరు వాడుకున్నారు, దేనికి వాడుకున్నారు?" పెద్ద హెచ్-ఇండెక్స్ ఉన్నవాళ్లలో కూడా చాలామంది తడబడ్డారు. ఒకమ్మాయి మాత్రం తన ఏకైక పేపర్ గురించి, "నేను తయారుచేసిన ప్లాస్మిడ్‌ను (కణాల్లోకి జన్యువును చేర్చే డీఎన్ఏ వలయం) ముగ్గురు అడిగి తీసుకున్నారు, ఒకరికి నాడీకణాల్లో పని చేయలేదు, ఎందుకో నాకు ఇలా అనిపిస్తోంది" అంటూ మొదలుపెట్టి సభ్యులందరినీ రాతబల్ల చుట్టూ నిలబెట్టింది. మేం ఆమెనే తీసుకున్నాం.

టాపిక్ గురించి. మీరు లైసోజోమ్‌ల మీద పనిచేస్తూ ఈ ప్రశ్న అడగడం నన్ను కదిలించింది. క్రిస్టియన్ డి డ్యూవ్ అనే శాస్త్రవేత్త 1955లో లైసోజోమ్‌కు పేరు పెట్టారు, 1963లో, కణం తన భాగాలను తానే అరిగించుకోవడానికి, ఆటోఫజీ అన్న మాట వాడారు. ఆ తర్వాత చాలాకాలం దాన్ని పట్టించుకున్నవాళ్లు కొద్దిమందే. జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఓసుమి 1988లో, 43 ఏళ్ల వయసులో, సొంతంగా చిన్న ల్యాబ్ మొదలుపెట్టి ఈస్ట్ వాక్యూల్‌ను ఎంచుకున్నారు. మీ లైసోజోమ్‌కు ఈస్ట్‌లో తోబుట్టువు అది. ప్రోటీన్లను అరిగించే ఎంజైములు లేని ఈస్ట్‌ను పస్తు పెట్టి, మామూలు కాంతి సూక్ష్మదర్శినిలో చూస్తే వాక్యూల్‌లో చిన్న చిన్న గుళికలు గంతులేస్తూ కనిపించాయి. అలా గుళికలు చేరని మ్యూటెంట్ల, అంటే జన్యువు మారిన ఈస్ట్‌ల, కోసం వేలకొద్దీ ఈస్ట్‌లను వెతికి, 1993లో ఎఫ్ఈబీఎస్ లెటర్స్‌లో ఒక చిన్న పేపర్ వేశారు. మెరిసే పత్రిక కాదది. ఆ మ్యూటెంట్ల వెనకున్న జన్యువులే 2016 నోబెల్‌కు పునాది. 1993లో ఎవరైనా ఆయన్ను రెండేళ్ల సైటేషన్లతో కొలిచి ఉంటే ఏమయ్యేదో ఊహించండి. ప్రతి నిదానమైన పేపర్ వెనకా నోబెల్ ఉంటుందని నేననడం లేదు. ఎక్కువ వాటి వెనక ఉండదు. రెండేళ్ల కొలతకు ఆ తేడా తెలియదని మాత్రం చెప్పగలను.

సైటేషన్లలోకి ఎక్కని ప్రభావం ఒకటి మన ఊళ్లోనే ఉంది. కంట్లో సున్నం గానీ రసాయనం గానీ పడితే నల్లగుడ్డు అంచున ఉండే లింబల్ మూలకణాలు చచ్చిపోయి, చూపు మసకబారుతుంది. మంచి కంటి నుంచి కాస్త కణజాలం తీసి, ప్రయోగశాలలో పెంచి అతికించే పద్ధతి ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఏళ్ల తరబడి నడిచింది. దానికి కణాలు పెంచే శుభ్రమైన ల్యాబ్ కావాలి, ఖర్చెక్కువ. 2012లో వాళ్లే ల్యాబ్ అవసరం లేని పద్ధతి ప్రచురించారు. రెండు మిల్లీమీటర్ల ముక్కను చిన్న చిన్న తునకలు చేసి, మాయపొర మీద పేర్చి, ఫైబ్రిన్ జిగురుతో కంటికే అంటిస్తే, కణాలు కంటి మీదే పెరుగుతాయి. ఆ పేపర్‌కు సైటేషన్లు బాగానే వచ్చాయి. కానీ ల్యాబ్ లేని చిన్న ఊరి ఆసుపత్రిలో ఆ ఆపరేషన్ నేర్చుకుని చేసే డాక్టరు పేపరు రాయరు. అక్కడ ఒక పిల్లవాడికి తిరిగొచ్చిన చూపు ఏ డేటాబేస్‌లోనూ నమోదు కాదు.

సంఖ్యను నమ్మకూడదనడానికి మన రంగానిదే ఇంకో కారణం ఉంది, ఇది కొంచెం భయపెట్టేది. ఒకటనుకుని మరొకటి పెంచిన సెల్ లైన్లతో, తరచుగా హేలా చొరబడినవాటితో, చేసిన పేపర్లు 30 వేలకు పైగా ఉన్నాయని 2017లో ఇద్దరు డచ్ పరిశోధకులు లెక్కతేల్చారు. అవి ఉటంకింపబడుతూనే ఉన్నాయి. ఎలిజబెత్ బిక్, ఆమె సహచరులు 2016లో 20,621 పేపర్ల బొమ్మలు కంటితో పరిశీలిస్తే దాదాపు 4 శాతంలో అనుమానించదగ్గ నకలు బొమ్మలు కనిపించాయి. సైటేషన్ ఒక పేపర్ సరైనదని చెప్పదు. అందుకే మీ సెల్ లైన్లకు, డీఎన్ఏ గుర్తులతో అవి ఏ కణాలో తేల్చే ఎస్‌టీఆర్ పరీక్ష చేయించండి, ప్రతి బ్లాట్ అసలు ఫైలూ దాచుకోండి. పదేళ్ల తర్వాత మీ పేరును కాపాడేవి అవే. ఒకరినొకరు ఉటంకించుకుందామని, పేపర్లో పేరు కలుపుతామని ఎవరైనా వస్తే వెంటనే వద్దనండి. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

రివ్యూలకు సైటేషన్లు ఎక్కువ రావడం నిజమే, ఎందుకంటే పది అసలు పేపర్లను ఉటంకించే ఓపిక లేనివాళ్లు ఒక రివ్యూతో సరిపెడతారు. థీసిస్ మొదటి అధ్యాయం ఎలాగూ రాయాలి కదా, అందులో మీకంటూ ఒక వాదన తయారైతే దాన్ని రివ్యూ చేయండి. వాదన లేకుండా ముప్పై రివ్యూలను కలిపి ముప్పై ఒకటోది చేయొద్దు.

ఒక చిన్న పని మాత్రం ఇవాళే చేయండి, మన తెలుగువాళ్లకు ఇది మరీ అవసరం. మనకు ఇంటిపేరు ముందొస్తుంది, విదేశీ డేటాబేసులు చివరి మాటను ఇంటిపేరు అనుకుంటాయి. సుబ్బారావుగారి ఇంటిపేరు యల్లాప్రగడ, ప్రపంచం మాత్రం ఆయన్ను ఫిస్క్ పక్కన "సుబ్బారో, వై." అని ఉటంకిస్తుంది. ఒక పేపర్లో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఇంకోదాంట్లో పాస్‌పోర్టులో ఉన్నట్టు, పెళ్లయ్యాక మరోలా రాస్తే, స్కోపస్ అనే సైటేషన్ల డేటాబేస్ మిమ్మల్ని ముగ్గురు మనుషులను చేస్తుంది. నా విద్యార్థిని ఒకరి పేపర్లు ఇలాగే రెండు ప్రొఫైళ్లలో చీలిపోయి, ఒక దరఖాస్తులో సగం పనే కనిపించింది. ఆర్కిడ్ నంబరు, అంటే ప్రతి పరిశోధకుడికీ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య, ఉచితం. తీసుకోండి, పేరు ఎలా రాయాలో ఒక్కసారి నిర్ణయించుకుని ఇక మార్చకండి.

ఇప్పుడు మీ 11 దగ్గరికి వద్దాం. ఒక ఆదివారం కేటాయించండి. 11 పేపర్లూ దించుకుని, ప్రతిదాంట్లో మీ పేరు వచ్చిన వాక్యం వెతకండి, దాని ముందు వెనక పేరాలతో సహా నోటుబుక్‌లో ఎక్కించండి. గుంపులో పేరు చెప్పారా, పద్ధతి వాడారా, ఫలితాన్ని పరీక్షించారా, తప్పుగా అర్థం చేసుకున్నారా పక్కన రాయండి. మీ పద్ధతి వాడినవాళ్లకు నాలుగు వాక్యాల ఈమెయిల్ పెట్టండి, ఎక్కడ ఇబ్బంది పడ్డారో అడగండి. మనవాళ్లకు దీనికి మొహమాటం ఎక్కువ. కానీ ల్యాబ్‌లో మీలాగే రాత్రి పదకొండుకు ప్లేటు పట్టుకుని నిలబడే మనిషే అవతల ఉంటారు, చాలామంది సంతోషంగా జవాబిస్తారు. అందులో ఒకరిద్దరు రేపు మీ పోస్ట్‌డాక్ ల్యాబ్ కావచ్చు.

చదివాక ఇక్కడే మళ్లీ రాయండి. ఆ 11లో మీ ఫలితం తమ కణాల్లో రాలేదన్నవాళ్లు ఎవరైనా ఉంటే, ముందు వాళ్ల పేపర్ గురించే రాయండి. వాళ్లు ఏ కణాలు వాడారో, మీరు ఏవి వాడారో రెండూ చెప్పండి.